క్రీస్తును ఎరుగుట, సంఘమును కట్టుట: విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా సంఘంలో బుధవారం సాయంత్రం ఇళ్లలో కూడికలు జరుగుతాయి. ప్రార్థన ముగిసి టీ గ్లాసులు చేతికి వచ్చాక విశ్వాసులు అడిగే ప్రశ్నలలో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతుంటాయి: ప్రభువుతో నాకున్న సంబంధానికీ, ఆదివారం నేను వెళ్లి కూర్చునే సంఘానికీ మధ్య లంకె ఏమిటి? సంఘ పెద్దగా ఇన్నేళ్లలో విన్న ఆ ప్రశ్నలను, వాక్యంలో మేము వెదుక్కున్న జవాబులను ఇక్కడ రాసి ఉంచుతున్నాను. వాక్యభాగాలన్నీ మన ఇళ్లలో ఉండే పాత తెలుగు అనువాదంలోనివే.

క్రీస్తును స్వయంగా అనుభవించడం అంటే ఏమిటి? కన్నీళ్లు రావడమా, ఒళ్లు పులకరించడమా?

కన్నీళ్లు రావచ్చు, రాకపోవచ్చు. వాటిని బట్టి ఏదీ తేల్చలేము. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మూడవ అధ్యాయంలో పౌలు తన కోరికను చెప్పుకుంటూ, క్రీస్తు మరణ విషయంలో "సమానానుభవముగలవాడనై" ఆయనను, ఆయన పునరుత్థాన బలమును ఎరగాలని ఉన్నదంటాడు. ఆ మాటలు రాసేనాటికి దమస్కు దారిలో ప్రభువు ఆయనను పట్టుకుని చాలా ఏళ్లు గడిచాయి. ఎన్నో పట్టణాలలో సంఘాలు నాటాడు. ఇప్పుడు బంధకాలలో ఉన్నాడు. అయినా ఇంకా ఎరగాలనే అంటున్నాడు. తెలుగులో "తెలుసు" అనే మాటకూ "ఎరుగుదును" అనే మాటకూ ఉన్న తేడా ఇక్కడ అక్కరకు వస్తుంది. ముఖ్యమంత్రి ఎవరో రాష్ట్రంలో అందరికీ తెలుసు. ఆయనను ఎరిగినవారు, ఆయన ఎరిగినవారు కొద్దిమందే ఉంటారు. క్రీస్తును గురించి తెలియడానికి సండేస్కూలు చదువు చాలు. ఆయనను ఎరగడం మాత్రం ఒకనాడు మొదలై రోజువారీ నడతలో పెరుగుతూ పోవలసినది.

మా సంఘంలో ఒక సహోదరుడు పొలం గట్టు విషయంలో సొంత అన్నతో మాటామాటా అనుకుని, రాత్రి వరండాలో కూర్చుని ఫోనులో పెద్ద సందేశం రాశాడు. పంపే ముందు, అలవాటు కొద్దీ ఆ రోజు చదవవలసిన అధ్యాయం తెరిచాడు. చదివాక, రాసినదంతా చెరిపివేసి, "అన్నయ్యా, రేపు పొద్దున వస్తాను, కలిసి కొలుచుకుందాం" అని పంపాడు. ఆయనకు దర్శనమేమీ రాలేదు. "ఎవరో నా చెయ్యి పట్టుకుని ఆపినట్టయింది" అన్నాడు, అంతకు మించి చెప్పలేకపోయాడు. "క్రీస్తే నాయందు జీవించుచున్నాడు" అని గలతీ 2:20లో మనం చదివే మాటకు ఆ రాత్రి ఆ వరండాలో జరిగినది తగిన ఉదాహరణ అనే నేను అనుకుంటాను.

అది నాకూ నా దేవునికీ మధ్య విషయం కదా, సంఘంతో దానికేమి పని?

క్రొత్త నిబంధనలో వ్యక్తిగత అనుభవం అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది, తరువాత పౌలుగా పిలువబడిన సౌలు మారుమనస్సు; కాబట్టి దాన్నే నిదానంగా చూద్దాం. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో సౌలు విన్న మొదటి మాట "సౌలా, సౌలా, నీవేల నన్ను హింసించుచున్నావు" అన్నది. అంతవరకు సౌలు యేసు మీద చేయి చేసుకున్నది లేదు. యెరూషలేములో ఇంటింట జొచ్చి విశ్వాసులైన పురుషులను, స్త్రీలను ఈడ్చుకొనిపోయి చెరసాలలో వేయించాడు. ప్రభువు "నా శిష్యులను" అనలేదు, "నన్ను" అన్నాడు. అంటే క్రీస్తును కలుసుకున్న తొలి క్షణంలోనే, ఆ ఒక్క మాటలోనే, క్రీస్తు ఎవరో, సంఘము ఎవరో సౌలుకు కలిపి చెప్పబడింది. శిరస్సును, శరీరమును గురించి తరువాత ఆయన రాసిన సంగతులన్నిటికీ విత్తనం అక్కడే పడిందని నాకు అనిపిస్తుంది.

ఆ తరువాత జరిగినది ఇంకా ఆలోచించదగినది. ఆకాశం నుంచి మాట్లాడిన ప్రభువు ఆకాశం నుంచే చూపు ఇచ్చి ఉండవచ్చు. అలా చేయలేదు. "తిన్ననిదనబడిన వీధి"లో ఒక ఇంట్లో సౌలును మూడు దినములు గుడ్డివాడిగా, తిండి నీళ్లు లేకుండా ఉంచి, అననీయ అనే ఒక సాధారణ శిష్యుణ్ణి పంపాడు. ఆ శిష్యుడు భయపడి, ఈ మనిషి ఎలాంటివాడో ప్రభువుకే వివరించబోయాడు. చివరికి వచ్చి తల మీద చేతులుంచి "సౌలా, సహోదరుడా" అన్నాడు. ఎవరిని బంధించడానికి బయలుదేరాడో వారి నోటి నుంచే సౌలు "సహోదరుడా" అనే పిలుపు విన్నాడు, వారి చేతుల కిందనే చూపు పొందాడు. ఇంత గొప్ప అనుభవం కలిగినవాడికే సంఘం చేయి అవసరమైనప్పుడు, మనకు అవసరం లేదనుకోవడం సాహసమే.

"క్షేమాభివృద్ధి" అనే మాట కొరింథీ పత్రికలో మాటిమాటికీ వస్తుంది. దానికి అర్థమేమిటి?

ఈ ప్రశ్నను విశ్వాసులు అడగవలసినంతగా అడగడం లేదు. అందుకే జవాబు కాస్త పొడుగ్గా ఇస్తున్నాను. మత్తయి 16:18లో ప్రభువు "ఈ బండమీద నా సంఘమును కట్టుదును" అన్నాడు. 1 కొరింథీ 3:9లో పౌలు మనలను "దేవుని గృహము" అన్నాడు. 1 కొరింథీ 8:1లో "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును" అన్నాడు. తెలుగులో చదివితే కట్టుట, గృహము, క్షేమాభివృద్ధి అనే మూడు వేర్వేరు సంగతులుగా కనబడతాయి. గ్రీకు మూలంలో ఈ మూడు చోట్లా ఉన్నది ఒకే మాట కుటుంబం: ఇల్లు అనే పదం, కట్టడం అనే పదం కలిసినది. 1 కొరింథీ 14వ అధ్యాయంలో ఒక్కచోటనే ఆ మాట ఏడుసార్లు వస్తుంది.

అనువాదకులను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. క్షేమాభివృద్ధి చక్కని మాట. కాకపోతే ఈ రోజుల్లో ఆ మాట వినగానే సంక్షేమ పథకాలు, అభివృద్ధి పనులు గుర్తుకు వస్తాయి, లేదా మనసుకు ఏదో మేలు కలగడం అనే పలచని అర్థం మిగులుతుంది. ఆ చోట్లన్నిటా "ఇల్లు కట్టుట" అని మనసులో మార్చి చదివి చూడండి. "సమస్తమును క్షేమాభివృద్ధి కలుగుటకై జరుగనియ్యుడి" అన్న ఆజ్ఞ అప్పుడు "మీరు కూడి వచ్చినప్పుడు జరిగేదంతా ఇంటికి ఒక వరుస లేపేదిగా ఉండాలి" అన్నట్టు వినబడుతుంది. అలా వింటే, పాట పాడేటప్పుడు, సాక్ష్యం చెప్పేటప్పుడు, చివరికి ప్రకటనలు చదివేటప్పుడు కూడా, దీనివల్ల గోడ లేచిందా లేదా అని అడగక తప్పదు.

మా మందిరానికి రాతి ప్రహరీ కడుతున్నప్పుడు నేను రోజూ సాయంత్రం వెళ్లి చూసేవాణ్ణి. మేస్త్రీ ఒక్కొక్క రాయిని తిప్పి తిప్పి చూసి, ఎక్కడ సుత్తి వేయాలో నిర్ణయించేవాడు. బయటికి కనబడే ముఖం మీద కంటే పక్క రాయికి ఆనుకునే వైపునే ఎక్కువ దెబ్బలు పడేవి. అందమైన గుండ్రని రాళ్లు కొన్ని కుప్పలోనే మిగిలిపోయాయి. ఎందుకని అడిగితే, "అవి దేనితోనూ కూర్చోవండీ" అన్నాడు. పేతురు మనలను "సజీవమైన రాళ్లు" అన్నప్పుడు ఆ కుప్పను గురించి కూడా ఆలోచించాలి.

నాకు కలలు, దర్శనాలు, వెలుగులు ఏవీ రాలేదు. నాది అనుభవమేనా?

అవును. లూదియ నదీతీరాన కూర్చుని పౌలు మాటలు విన్నప్పుడు ప్రభువు ఆమె హృదయమును తెరచెను అని మాత్రమే లేఖనం చెబుతుంది. భూకంపం అదే పట్టణంలో చెరసాల నాయకుడికి వచ్చింది, ఆమెకు రాలేదు. ఇద్దరి ఇళ్లూ ఫిలిప్పీ సంఘంలో భాగమయ్యాయి.

ప్రతిదినం క్రీస్తును అనుభవించడానికి ఆచరణలో ఏమి చేయాలి?

మేము చేసేది చాలా మామూలు పని. తెల్లవారి ఇంట్లో సందడి మొదలు కాకముందు, ఫోను వేరే గదిలో పెట్టి, కొద్ది వచనాలే అయినా పైకి వినబడేటట్టు చదువుతాము. చదివిన మాటలనే తిరిగి ప్రభువుకు ప్రార్థనగా చెబుతాము: "నీవే గొఱ్ఱెల కాపరివి అంటున్నావు, ఈ రోజు ఆఫీసులో నాకు కాపరివిగా ఉండు" అన్నట్టు. తరువాత కాసేపు ఏమీ మాట్లాడకుండా ఆయన ఎదుట ఉంటాము. బైబిలు మిషను అనే క్రైస్తవ సంఘం వారు ఎన్నో ఏళ్లుగా "సన్నిధి" అని పిలుస్తూ ఇలా ప్రభువు కోసం కనిపెట్టుకుని ఉండడాన్ని నేర్పుతూ వచ్చారు. వారి ఉపదేశంలో అన్నిటితో ఏకీభవించనివారు కూడా ఆ మౌనాన్ని వారి దగ్గర నేర్చుకోవచ్చని నా అభిప్రాయం. అధ్యాయాలు లెక్కపెట్టుకోవడం వల్ల చదివామన్న తృప్తి కలుగుతుంది, ఒక్కోసారి అంతే కలుగుతుంది.

దీనికి మేము చేర్చుకున్న అలవాటు ఒకటుంది. ప్రార్థన ముగిసే ముందు, "ప్రభువా, ఈ రోజు నాకిచ్చిన ఈ మాట నాతో పాటు ఇంకెవరికి కావాలి?" అని అడుగుతాము. సాధారణంగా ఒక ముఖం మనసులోకి వస్తుంది. ఆస్పత్రిలో ఉన్నవారు కావచ్చు, రెండు ఆదివారాలుగా కనబడనివారు కావచ్చు. ఆ రోజే ఫోను చేస్తాము, వీలైతే వెళ్తాము.

మా అమ్మకు చదువు రాదు. ఆమె ఎలా?

చదువు వచ్చినవారికంటే ఆమెకు ఎక్కువ వాక్యం కంఠస్థం అయి ఉండవచ్చు. ముందు ఆమెను అడిగి చూడండి. వినే బైబిలు ఇప్పుడు ఫోనులోనే ఉంది, కాని పాటను తక్కువ చేయకండి. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌధరి వంటి భక్తులు రాసిన కీర్తనలు అక్షరం రాని ఎన్నో ఇళ్లలో బైబిలు పాఠాలుగా పనిచేశాయి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆ కవి తన రక్షకుని ముందు "నేను" అని తెలుగులో పాడుకున్నది, ఇవాళ రెండు వందల మంది కూడిన మందిరంలో ప్రతివారి "నేను" అవుతున్నది. ఒకరి సొంత అనుభవం సంఘపు ఆస్తి ఎలా అవుతుందో చూపడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

కూడికలో సాక్ష్యం చెప్పమంటారు. ఏమి చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి?

1 కొరింథీ 14:26 ప్రకారం కూడి వచ్చేవారిలో ఒకడు కీర్తనతో, మరియొకడు బోధతో, మరియొకడు తనకు బయలుపరచబడిన దానితో వస్తాడు. వట్టి చేతులతో వచ్చి నిండు చేతులతో వెళ్లడం ఆ సంఘంలో పద్ధతి కాదు. ఎమ్మాయుకు వెళ్లిన ఇద్దరు శిష్యులను గుర్తు చేసుకోండి: రొట్టె విరిచినప్పుడు ఆయనను గుర్తుపట్టారు, ఆయన అదృశ్యుడయ్యాడు, పొద్దు గుంకిన ఆ వేళప్పుడే లేచి, వచ్చిన ఆమడ దూరమూ మళ్లీ నడిచి, యెరూషలేములో కూడి ఉన్నవారి దగ్గరకు వెళ్లారు. రేపు చెబుదాంలే అనుకోలేదు. వారు వెళ్లేసరికి అక్కడివారు, ప్రభువు సీమోనుకు కనబడెనని ముందే చెప్పుకుంటున్నారు. రెండు సాక్ష్యాలు ఎదురెదురుగా వచ్చి కలిశాయి. వారు అలా మాట్లాడుకుంటుండగా ప్రభువే వచ్చి వారి మధ్య నిలిచాడు.

ఇక పద్ధతి విషయానికి వస్తే, మా అనుభవంలో మూడు నిమిషాలు చాలు. పదిహేనేళ్ల కిందటి రక్షణ సాక్ష్యాన్ని ప్రతిసారీ చెప్పడం కంటే ఈ వారం ప్రభువు మీతో వ్యవహరించినది చెప్పండి. మీ వైఫల్యంతో మొదలై ఆయన కృపతో ముగిసేది విన్నవారిని కడుతుంది. ఇతరుల వైఫల్యంతో మొదలై మీ విజయంతో ముగిసేది కట్టదు. ఇంటివారి రహస్యాలు, కోడలి తప్పులు, అప్పు ఇచ్చినవారి పేర్లు సాక్ష్యంలో రాకూడదు. తెలివితో అయిదు మాటలు పలకడం పదివేల మాటలకంటే మేలని పౌలు అన్నది ఆత్మావేశంలో పలికే అన్యభాషలను గురించే అయినా, మైకు పట్టుకున్నప్పుడు మనకు కూడా వర్తిస్తుంది.

పాస్టరుగారు ఉండగా మేము కట్టేదేముంది?

ఎఫెసీ 4వ అధ్యాయం ప్రకారం కాపరులు, ఉపదేశకులు ఇయ్యబడినది పరిశుద్ధులను సంపూర్ణులను చేయడానికి, పరిశుద్ధులు పరిచర్య చేయడానికి. 16వ వచనం ఇంకా స్పష్టం: "ప్రతి అవయవము తన తన పరిమాణముచొప్పున" పనిచేస్తుండగా "ప్రతి కీలువలన" బలం కలిగి శరీరం పెరుగుతుంది. మోకాలి కీళ్ల నొప్పితో బాధపడేవారికి ఈ వచనం వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. అవయవాలన్నీ ఉంటాయి, కీలు దగ్గర పట్టేస్తుంది. సంఘంలో కీలు అంటే ఇద్దరు మనుషులు కలిసే చోటు. పాస్టరుగారు ఎంత మంచి ప్రసంగీకులైనా మీ వరుసలో పక్కన కూర్చునే వితంతువుకూ మీకూ మధ్య కీలు ఆయన కాలేరు.

అన్నీ తామే చేయాలనుకునే కాపరులు ఉన్నారు, అన్నీ ఆయనే చూసుకుంటారులే అనుకునే విశ్వాసులూ ఉన్నారు. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి పోషిస్తాయి.

మన తెలుగు నేల మీద ఒకరి అనుభవం సంఘాన్ని కట్టిన దాఖలాలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. నాకు బాగా నచ్చినవి మూడు చెబుతాను. ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సహోదరుడు తోళ్ల వ్యాపారం చేసుకుంటూ, యోగ మార్గంలో సత్యాన్ని వెదికినవాడు. క్రీస్తును ఎరిగి 1866లో బాప్తిస్మం పొందాక, ఆయన ఆ సంతోషాన్ని దాచుకోలేదు. తన ఊరైన తాళ్లకొండపాడులోనూ, చుట్టుపక్కల గూడెంలలోనూ చెప్పుకుంటూ తిరిగాడు. మాదిగవారు రావడం మొదలయ్యేసరికి, అంతవరకు ఆసక్తి చూపుతున్న పై కులాలవారు వెనుదీశారు. మిషనెరీ జాన్ క్లౌ, ఆయన భార్య ఆ కలతలో వేర్వేరు గదులలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయంలోని ఒకే భాగం, "గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు" అన్నది, కంటబడిందని మిషను చరిత్రలో చెబుతారు. పన్నెండేళ్లకు, కరవు తరువాత, 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు. ఆరుగురు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున. గుంపుగా వచ్చారు కాబట్టి అనుభవం లేదని ఆ పూర్వికులను తేలికగా మాట్లాడేవారు, ఆ గుంపు ఎవరి ఇంటి ముందు మొదలైందో చూడాలి.

రెండవది దోర్నకల్. తిరునెల్వేలి ప్రాంతం నుంచి మిషనెరీగా వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. బాప్తిస్మం పొందినవారి చేత, చేయి తల మీద పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అని 1 కొరింథీ 9:16లోని మాట పలికించేవారు. కూలి చేసుకుని బ్రతికే మనిషి, అప్పుడే నీళ్లలోంచి లేచి, తడి తల మీద చేయి పెట్టుకుని పౌలు మాట పలకడం ఊహించుకోండి. సభ్యుడిగా చేరిన రోజే పనివాడిగా చేరాడన్నమాట.

మూడవది భక్తసింగ్ గారిది. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజనీరింగు చదువుకు ఇంగ్లండు, కెనడా వెళ్లి, 1929లో విన్నిపెగ్‌లో క్రొత్త నిబంధన చదువుతూ ప్రభువును ఎరిగారు. 1932లో వాంకోవరులో బాప్తిస్మం పొంది, 1933లో తిరిగి వచ్చారు. మొదటి ఏళ్లలో ఊరూరా తిరిగే సువార్తికులుగానే ఉన్నారు. కూటాలలో ఏడ్చి మారినవారు ఆ తరువాత ఎక్కడ పెరుగుతారన్న భారం మీద 1941లో మద్రాసులో స్థానిక సహవాసం మొదలైంది. తరువాత హైదరాబాదులోని హెబ్రోను ఆ పరిచర్యకు కేంద్రమైంది. అక్కడి ఆరాధనలో ఎవరైనా లేచి స్తుతించవచ్చు, తరువాత అందరూ నేల మీద బారులు తీరి ప్రేమవిందు తినాలి. ఒంటరిగా మొదలైన ఆయన అనుభవం చివరకు అందరూ కలిసి కూర్చునే బంతి దాకా వచ్చింది. 2000లో ఆయన హైదరాబాదులోనే ప్రభువునందు నిద్రించారు.

"ప్రభువు నాకు చెప్పాడు" అని కొందరు అన్నిటికీ అంటారు. దీన్ని ఎలా చూడాలి?

పరీక్షించాలి. "ఆత్మను ఆర్పకుడి" అన్న చోటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని ఉంది. ఇద్దరు ముగ్గురు ప్రవచిస్తే "తక్కినవారు వివేచింపవలెను" అని 1 కొరింథీ 14:29 చెబుతుంది. అంటే అనుభవం ఒకరిది, దాన్ని తూచే బాధ్యత అందరిది. తూచడానికి ఒప్పుకోని ప్రత్యక్షతను మేము లెక్కలోకి తీసుకోము. మా బంధువుల ఇంట్లో ఒకరు ఇలాగే "ప్రభువు చూపించాడు" అంటూ ఆడపిల్ల పెళ్లి ఆపించి, కానుక పేరుతో డబ్బు కూడా తీసుకువెళ్లారు. ఆ ఇంటివారు మందిరంలోకి రావడానికి మళ్లీ నాలుగేళ్లు పట్టింది. కాబట్టి మేము కొన్ని సూటి ప్రశ్నలు అడుగుతాము. ఇది లేఖనంతో కలుస్తుందా? చెప్పినవారికి దీనివల్ల లాభమేమైనా ఉందా? విన్నవారు ప్రభువుకు దగ్గరవుతున్నారా, చెప్పినవారికి దగ్గరవుతున్నారా?

పౌలు మూడవ ఆకాశమునకు కొనిపోబడిన సంగతిని పదునాలుగు సంవత్సరాల తరువాత, అదీ తప్పనిసరై, తన పేరు కూడా పెట్టుకోకుండా చెప్పాడు. తన శరీరంలోని ముల్లును గురించి, "నా కృప నీకు చాలును" అన్న జవాబును గురించి మాత్రం విపులంగా చెప్పాడు. ఏది సంఘాన్ని కడుతుందో ఆయనకు తెలుసు.

మా సంఘంలో కులం ఉంది. ఆరాధన వరకు అందరూ కలుస్తారు, అక్కడితో సరి. అనుభవం ఉన్నవారే ఇలా ఉంటే ఏమనుకోవాలి?

అనుభవం అసంపూర్ణం అనుకోవాలి, ఆ మాట పైకి చెప్పాలి కూడా. ఎఫెసీ 2:14లో క్రీస్తు "మధ్యగోడను" పడగొట్టాడని ఉంది. ఆ గోడ పడిన స్థలం మీదనే 20వ వచనం నుంచి దేవుని ఇల్లు లేవడం మొదలవుతుంది. గోడను అలాగే ఉంచి ఇల్లు కట్టలేము, రెండు ఇళ్లు మాత్రం కట్టగలము. కొరింథులో ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలిగొని ఉండగా మరియొకడు మత్తుడైన సంగతిని పౌలు మర్యాద లోపంగా చూడలేదు, "ప్రభువు శరీరమని వివేచింపక" తినడం అన్నాడు.

మందిరంలో ఒకే పాత్రలోనిది తాగి, సహోదరుని ఇంట్లో మంచినీళ్లు తాగడానికి తటపటాయించేవారిని నేను చూశాను. పెళ్లి సంబంధాల ప్రకటనలో "క్రైస్తవులు" అని రాసి, పక్కనే కులం రాసేవారిని అందరమూ చూస్తూనే ఉన్నాము. ప్రసంగాలతో ఇది మారుతుందని నేను నమ్మను. ఎవరి ఇంటికి ఎవరు భోజనానికి వెళ్తున్నారన్నది మారాలి. మా బుధవారం కూడికలు వంతులవారీగా ప్రతి ఇంట్లో, ప్రతి పేటలో జరగాలని పెద్దలమంతా పట్టుబట్టినది అందుకే. మొదటి ఏడాది కొన్ని ఇళ్లలో హాజరు తగ్గింది. ఆ ఇళ్లను వంతులో నుంచి తీసివేయలేదు.

సంఘంలో గాయపడ్డాను. ఇంట్లోనే యూట్యూబులో వాక్యం వింటూ ప్రభువుతో నడిస్తే చాలదా?

మీ గాయాన్ని తక్కువ చేయను. కొన్ని గాయాలకు సంఘమే క్షమాపణ అడగవలసి ఉంటుంది. మంచం పట్టినవారికి, దూరాన ఒంటరిగా ఉన్నవారికి తెర మీది ఆరాధన దేవుడిచ్చిన సహాయమే. అయితే తెర మీద ప్రసంగీకుణ్ణి మీరు చూస్తారు, ఆయన మిమ్మల్ని చూడడు. మీరు ఏడిస్తే తెలియదు, మానేస్తే తెలియదు.

తోమా సంగతి చూడండి. పునరుత్థాన దినాన శిష్యులు కూడిన చోట అతడు లేడు. ఎందుకు లేడో లేఖనం చెప్పలేదు. తక్కినవారు "ప్రభువును చూచితిమి" అంటే నమ్మలేదు. ఎనిమిది దినములైన తరువాత మాత్రం "తోమా వారితోకూడ ఉండెను" అని యోహాను 20:26లో ఉంది. ఆ ఎనిమిది రోజులూ అవిశ్వాసిగానే వారి మధ్య కూర్చున్నాడు, వారూ బయటికి పంపలేదు. "నా ప్రభువా, నా దేవా" అన్న ఒప్పుకోలు ఆ గదిలోనే పుట్టింది. మీరు వెళ్లిన చోట అలాంటి గది దొరకకపోతే మరొక చోట వెదకండి, వెదకడం మానవద్దు. మీతో తగాదా పడినవారు ఇంకా అక్కడే ఉంటే, మత్తయి 5:24 ప్రకారం అర్పణ బలిపీఠం దగ్గర విడిచిపెట్టి మొదట వెళ్లవలసినది ఎవరో ఒకసారి చదివి చూసుకోండి.

మేము కువైట్‌లో ఉంటాము. ఇక్కడ తెలుగు సహవాసం చిన్నది, శుక్రవారం కూడుతుంది. ఇది సంఘమేనా?

వారంలో ఏ రోజు అన్నది అడ్డు కాదు. పని ఇళ్లలో ఉండి సెలవు దొరకని సహోదరీలను తలచుకోండి. వారికి పది నిమిషాల ఫోను ప్రార్థనే ఆ వారపు కూడిక కావచ్చు. ఆ ఫోను మీరు చేయండి.

ప్రార్థన ఎండిపోయింది, వాక్యం రుచించడం లేదు. అలాంటప్పుడు సంఘానికి నేనేమి ఇవ్వగలను?

అలాంటి కాలాలు భక్తులందరికీ వచ్చాయి, నాకూ వచ్చాయి. అప్పుడు ఉన్నట్టు నటించకండి. 1 కొరింథీ 3:12లో బంగారము, వెండి, వెలగల రాళ్లతో పాటు కఱ్ఱ, గడ్డి, కొయ్యకాలు కూడా ఉన్నాయి. వరి కోశాక చేలో మిగిలే కొయ్యకాళ్లను చూసినవారికి ఈ మాట బాగా తెలుస్తుంది: దూరం నుంచి చూస్తే చేను నిండుగానే ఉన్నట్టుంటుంది, ఒక్క అగ్గిపుల్ల చాలు. గింజ లేని మాటలు సంఘంలో పెద్ద గొంతుతో చెప్పడం కొయ్యకాలుతో కట్టడమే. అంతకంటే "ఈ నెలంతా నాకు ప్రార్థన రావడం లేదు, నాకోసం మీరు చేయండి" అన్న నిజమైన మాట వెలగల రాయి అవుతుంది. పక్షవాయువుగలవానిని నలుగురు మోసుకుని కప్పు విప్పి దించినప్పుడు, యేసు "వారి విశ్వాసము" చూచెనని మార్కు 2:5 చెబుతుంది. ఆ రోజు అతడు సంఘానికి ఇచ్చినదేమిటంటే, తనను మోయనివ్వడమే.

నాకు చెప్పాలనే ఉంది, కాని నలుగురిలో నిలబడితే గొంతు పెగలదు. ఏమి చేయాలి?

కాగితం మీద రెండు వాక్యాలు రాసుకుని చదవండి. ఎవరూ తప్పు పట్టరు. కూర్చునే చెప్పండి. మా కూడికలకు వచ్చే ఒక వృద్ధురాలు ఏళ్ల తరబడి నోరు విప్పలేదు. ఒక బుధవారం, చేతులు కొంగులో చుట్టుకుని, "అయ్యగారూ, మా ఆయన పోయిన కాడ్నించి రాత్రుళ్లు భయమేసేది. ఇప్పుడు తలుపు గొళ్లెం పెట్టేటప్పుడు, ప్రభువా నువ్వు లోపలున్నావు కదా అని అడుగుతాను. ఉన్నానంటాడు. పడుకుంటాను" అంది. అంతే చెప్పి తల వంచుకుంది. ఆ తరువాతి వారం, భర్తను పోగొట్టుకుని నెల కూడా కాని ఒక చిన్న వయసు సహోదరి కూడికకు వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీలన్నీ వదిలి, చాప మీద ఆ అమ్మ పక్కన కూర్చుంది.